చేతులు కనపడాల

సౌదీలో, యాన్బు పట్నంలో కంపెనీ మాకిచ్చిన ఇల్లు ఒక పాత భవనంలో రెండో అంతస్తు. మూడు గదులు, ఒక హాలు, వంటిల్లు. ఆఫీసులో కంప్యూటర్లూ నెట్‌వర్కూ చూసేది నేనే కాబట్టి ఇంట్లో కూడా ఆ పని నా మెడకే చుట్టుకుంది. డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుకోకముందే ఎవరో ఒకరు ఫోను చూపిస్తూ ఎదురొచ్చేవారు.

కొత్త ఫైబర్ కనెక్షన్ వచ్చినప్పుడు, బిగించడానికి వచ్చినతను వైరు గోడలోంచి ఎక్కడ బయటికి వచ్చిందో అక్కడే, వీధి తలుపు పక్కనే, రూటర్ పెట్టి వెళ్ళిపోయాడు. నేను దానికి పేరు మార్చి, పాస్‌వర్డ్ పెట్టి అందరికీ చెప్పాను. హాల్లో బాగా వచ్చింది. ముందు రెండు గదుల్లోనూ వచ్చింది. వంటింటి పక్క గదిలో మాత్రం రాలేదు.

కట్టినప్పుడు అది సామాన్ల గది అయివుంటుంది. కిటికీ లేదు. అందులో మేమంతా భాయ్ అని పిలిచే ఆయన ఒక్కడే ఉండేవాడు. రాయచోటి దగ్గరి పల్లె ఆయనది. కంపెనీ బస్సు నడిపేవాడు. తెల్లారకముందే లేచి షిఫ్టు వాళ్ళను ప్లాంటు దగ్గర దింపాలి కాబట్టి, ఎవరి నిద్రా పాడు చేయకుండా ఆ గదిని తనే అడిగి తీసుకున్నాడట. యాభై దాటిన మనిషి. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మధ్యాహ్నం తిరిగొచ్చి ఖుబ్జ్ రొట్టే పప్పూ తిని తలుపు దగ్గరికి వేసుకునేవాడు. మళ్ళీ సాయంత్రం బస్సు తియ్యాలి.

ఒక శుక్రవారం నేను బట్టలు ఆరేస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"నాయనా, ఆ డబ్బా పని నువ్వే చూస్తావంట గదా. నా రూములోకి అది సరిగా రాలేదు."

"గోడలు మందం భాయ్. అక్కడిదాకా వచ్చేసరికి సిగ్నల్ నీరసించిపోతుంది. వీడియో ఆపేసి మాట్లాడండి, మాట వరకు బాగానే వస్తుంది."

"మాటతో నాకేం పని?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అన్నాడు. "మీకంతా మాట ఒగటి వినపడితే సాలు. నాకట్ల గాదు. చేతులు కనపడాల."

అప్పుడు చెప్పాడు. ఆయనకు ఒక్కతే కూతురు. పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. అలాంటి పిల్లల బడి కోసం ఆ పిల్లనూ తల్లినీ పల్లె నుంచి కడపకు మార్చి, అక్కడ అద్దె ఇంట్లో ఉంచాడు. ఆ పిల్ల బడి నుంచి వచ్చే వేళకి ఇక్కడ మధ్యాహ్నం. ఆయనకు దొరికే ఖాళీ కూడా అదే. ఫోనులో బొమ్మ ఆగి ఆగి వస్తుంది. చెయ్యి లేచింది లేచినట్టే నిలబడిపోతుంది. అది కదిలేసరికి పిల్ల చెప్పడం అయిపోయి ఉంటుంది.

"అయితే హాల్లో కూర్చోండి భాయ్, అక్కడ ఆగదు."

ఆయన తాడు మీది నా చొక్కా సరిచేస్తూ అన్నాడు. "ఒగసారి కూర్చుంటి. నగినారు."

ఎవరు నవ్వారని నేను అడగలేదు. హాల్లో మంచం వేసుకుని ఉండేది కరీంనగర్ కుర్రాడు. ప్లాంటులో ఎలక్ట్రీషియన్. సాయంత్రం అతనికి సంగతి చెప్పాను. గ్లాసులో టీ అలాగే వదిలేసి వంటింటి పక్క గది తలుపు కొట్టాడు. వెనకాల నేనూ వెళ్ళాను.

"నాకేమెరుక భాయ్, పాపకు వినవడదని. నువ్వేదో తమాషా చేస్తున్నవనుకున్న. తప్పయింది."

"ఏం లేదులే," అన్నాడు భాయ్. కుర్రాడు కాసేపు గుమ్మంలోనే నిలబడి వచ్చేశాడు.

ముందు సులువైన పనులు చేసి చూశాను. పొడుగు వైరు వేసి రూటర్‌ని హాలు చివరికి జరిపాను. మా భవనంలో ప్రతి ఇంట్లోనూ ఒకటుంది. అన్నీ ఒకే ఛానెల్ మీద పడి కొట్టుకుంటున్నాయి. మాదాన్ని ఖాళీగా ఉన్న ఛానెల్‌కు మార్చాను. కొంచెం నయమైంది గానీ భాయ్ మంచం దగ్గర బొమ్మ ఇంకా ఆగుతూనే ఉంది. ఇక మిగిలింది ఆ గదిలోనే రెండో రూటర్ పెట్టడం. ఆఫీసులో తీసి పక్కన పడేసిన పాతది ఒకటుంటే మేనేజర్‌ని అడిగి తెచ్చాను. గోడకు కన్నం వేస్తామంటే భవనం కాపలా చూసే హారిస్ ఒప్పుకోలేదు. యజమాని ఊరుకోడన్నాడు. దాంతో వైరును తలుపు చట్రాల మీదుగా తిప్పాల్సి వచ్చింది. ఆ పని కుర్రాడు తీసుకున్నాడు. నిచ్చెనెక్కి, వంటింటి గుమ్మం మీదుగా, ఎవరి తలకూ తగలకుండా, క్లిప్పులు కొట్టి వైరును ఎంత నీటుగా తెచ్చాడంటే, చూసేవాళ్ళకు అది గోడకు వేసిన గీతలా కనిపించింది.

నేను భాయ్ మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని పాత రూటర్‌లోని సెట్టింగులన్నీ తుడిచేసి మొదటినుంచీ మొదలుపెట్టాను. ఇంట్లో ఫోన్లకు నెట్‌వర్క్ నంబర్లు పంచే పని ఒక్క రూటరే చెయ్యాలి. రెండూ పంచితే గందరగోళమై ఏదీ పనిచేయదు. అందుకని దీనిలో ఆ పని ఆపేసి, హాల్లో ఉన్నదాని పేరూ పాస్‌వర్డూ దీనికీ ఇచ్చాను. భాయ్ గోడకానుకుని చూస్తూ నిలబడ్డాడు. పచ్చ లైటు వెలగ్గానే, "వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది భాయ్. చెయ్యండి."

ఆయన వెంటనే చెయ్యలేదు. మేకుకు తగిలించిన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. తల దువ్వుకున్నాడు. వెనకనున్న ట్యూబులైటు వల్ల మొహం నల్లగా పడుతోందని నేను మంచం ఇటు తిప్పించాను. ఫోనును నీళ్ళ సీసాకు ఆనించి చేశాడు.

మొదట తల్లి కనిపించింది. నన్ను చూసి కొంగు లాక్కుని పక్కకు జరిగింది. నేను లేవబోతే భాయ్ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఉండు. ఆగిపోతే ఎవరు చూస్తారు?"

పిల్ల వచ్చి కూర్చుంది. పదిహేను, పదహారేళ్ళుంటాయి. బడి యూనిఫాంలోనే ఉంది. బొమ్మ అద్దంలోలా ఉంది. జడకు కట్టిన రిబ్బను అంచులు కూడా తెలుస్తున్నాయి. భాయ్ వేళ్ళు ఐదూ కలిపి నోటి దగ్గర పెట్టాడు. తిన్నావా అని. ఆ పిల్ల తలూపింది. తర్వాత ఆయన తల మీద రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి ఏదో అడిగాడు. పిల్ల తల్లి వైపు చూసింది. మేక సంగతి అడుగుతున్నాడని గ్రహించి, దాన్ని అమ్మేసి చాలా కాలమైందని తల్లి ఆయనతో ఉర్దూలో అంది. భాయ్ వేళ్ళు దించేశాడు.

అప్పుడు ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. అంత వేగంగా కదిలే చేతుల్ని నేనెప్పుడూ చూడలేదు. కనుబొమలు లేస్తున్నాయి, భుజాలు కదులుతున్నాయి, మధ్యలో ఎవరినో అనుకరించినట్టు మొహం ముడుచుకుంటోంది. ఒక్కచోటా ఆగలేదు. బళ్ళో జరిగిన ఏదో సంగతి అయివుండాలి. చివర్లో తనకే నవ్వొచ్చింది. నవ్వి, తండ్రి నవ్వడం కోసం చూసింది. భాయ్ కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యం ఆ పిల్లకు తెలిసిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

భాయ్ భార్యను అడిగాడు. నాకూ అంతా తెలియదండీ, బడికి పోయినాక దీని సైగలు వేరే అయిపోయినాయి అందామె.

ఫోను పెట్టేశాక నేనడిగాను, "బాగా వచ్చింది కదా భాయ్?"

"శానా బాగా వచ్చింది నాయనా. యాడా ఆగలా."

చొక్కా విప్పి మేకుకు తగిలించి మంచం మీద కూర్చున్నాడు. "పిల్లప్పుడు దానికీ నాకూ కొన్ని సైగలుండె. అన్నం, నిద్ర, మేక, బస్సు, ఊరికి పోతాండా. ఆటితోనే మాట్లాడుకుంటాంటిమి. ఇన్నాళ్ళూ నెట్టు సరిగా లేకనే దాని మాట నాకు అర్థం కాలేదనుకుంటి."

నేను రూటర్ వెనక వైరు గట్టిగా ఉందో లేదో మళ్ళీ ఒకసారి నొక్కి చూశాను.

ఆయన ఊరికే కూర్చోలేదు. సైగలు నేర్పే వీడియోలు వెతికి పెట్టమన్నాడు. భాయ్ చదువుకోలేదు. అక్షరాలతో పనిలేని వీడియోలు ఏరి ఫోనులో పెట్టాను. వాటినే చూసి నేర్చుకునేవాడు. కుర్రాడు ఒక్కోసారి ఎదురుగా కూర్చుని ఆ సైగలే చేసేవాడు. ఒక మధ్యాహ్నం ప్లాంటు గేటు దగ్గర ఆగివున్న బస్సులో చూశాను. స్టీరింగు వెనక ఒక్కడే కూర్చుని, ఎదురుగా అద్దంలో కనిపించే తన మొహాన్ని చూసుకుంటూ చేతులు కదుపుతున్నాడు. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను నన్నాపి, మీ డ్రైవరుకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

మేము పెట్టిన వీడియోల్లో చాలావరకు వేరే దేశపు సైగలని మాకు తర్వాతగానీ తెలియలేదు. మాటకు భాషలున్నట్టే సైగలకూ ఉంటాయన్న ఊహే మాకు రాలేదు. ఆయన అంత కష్టపడి నేర్చుకున్న వాటిని చూపిస్తే ఆ పిల్ల అయోమయంగా చూసేది. కొన్నాళ్ళకు ఫోను ఎత్తి తల్లికిచ్చి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది.

తర్వాత ఒక రోజు మెసేజ్ వచ్చింది. తెలుగులో. భాయ్ ఫోను తెచ్చి నా చేతికిచ్చాడు. అలా చదివించుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు. కూతురి మాట పరాయి మగవాడి గొంతులో వినాల్సి వస్తుంది. అయినా తెచ్చాడు.

నాన్నను 'అబ్బా' అని పిలుస్తూ రాసింది. నేను చదివాను. "అబ్బా, మీరు చేసేవి నాకు అర్థం కావడం లేదు. కొన్ని చిన్నపిల్లల సైగలు, కొన్ని తప్పు. నా ఫ్రెండ్స్ పక్కన ఉంటే నాకు సిగ్గుగా ఉంటోంది. మీరు అమ్మీతో మాట్లాడండి. అమ్మీ నాకు చెప్తుంది."

హాల్లో ఏసీ గడగడమంటోంది.

"అంతేనా?"

"అంతే భాయ్."

"ఇదంతా అదే రాసిందా? తప్పుల్లేకుండా?"

"ఒక్క తప్పు కూడా లేదు."

"బాగా సదువుకుంటాండాది," అన్నాడు. ఫోను తీసుకుని ఆ అక్షరాలను దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత దారి కనిపెట్టింది తల్లే అనుకుంటాను. పిల్ల బడి నుంచి వచ్చి చదువుకునే బల్ల మీద, ఒక పక్కగా, ఆమె ఫోను ఆనించి పెట్టేది. పిల్ల వంగి రాసుకుంటూ ఉండేది. ఇటు భాయ్ మంచం మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. ఎవరూ ఏ సైగా చేసేవారు కాదు. వంటింట్లోకి వెళ్తూ వస్తూ, తలుపు సందులోంచి నాకు కనిపించేది. ఒక్కోసారి ఆయన ఖుబ్జ్ తుంచుకుని తింటూ ఉండేవాడు. ఒక్కోసారి ఫోను ముందే నిద్రపోయేవాడు. అక్కడ ఆ పిల్ల రాసుకుంటూనే ఉండేది. ఆ పాత రూటర్ ఆ రోజుల్లో ఒక్కసారీ మొరాయించలేదు.

చలికాలం పోయేసరికి ప్లాంటులో మా కంపెనీ కాంట్రాక్టు ముగిసింది. కొందరికి ఫైనల్ ఎగ్జిట్ వేసి దేశానికి పంపేశారు. డ్రైవర్లను తూర్పు వైపు, రాస్ తనూరా నుంచి చాలా లోపలికి, ఎడారిలో పైపులైను పని జరిగే క్యాంపుకు పంపారు. అక్కడ నెట్ ఉందా అని నేను ఆఫీసులో అడిగి తెలుసుకున్నాను. లైను లేదు. టవరు దూరం. మాట వరకు వస్తుంది, అదీ గాలి లేనప్పుడు. ఆ సంగతి భాయ్‌కి నేనే చెప్పాను. దాచినా వెళ్ళాక తెలిసేదే.

"పిల్లకి ముందే చెప్పండి భాయ్, రోజూ కుదరదని."

"వాళ్ళమ్మకి చెప్తాలే," అన్నాడు.

ఒక బ్యాగు, దుప్పటి మూట పట్టుకుని మధ్యాహ్నం బయలుదేరాడు. ఈసారి బస్సు వేరేవాళ్ళు నడుపుతున్నారు. ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు. కుర్రాడు కింద బకాలా కొట్లో జ్యూసు డబ్బాలు కొని కిటికీలోంచి అందించాడు. నాకు గుర్తున్నంతవరకు భాయ్ మా ఇద్దరికీ చెయ్యి కూడా ఊపలేదు.

శుక్రవారాల్లో నేను ఫోను చేస్తుంటాను. దొరికితే దొరుకుతాడు. క్యాంపులో నీళ్ళ సంగతి, దుమ్ము సంగతి చెబుతాడు. పోయినసారి మాట్లాడినప్పుడు నేనే పిల్ల గురించి అడిగాను.

"బాగుండాదంట. వాళ్ళమ్మ చెప్తాది." కొంచెం ఆగి, "నేనీడికొచ్చినాక కొన్నాళ్ళు ఆ పొద్దుకు పిల్లే ఫోను తెచ్చి బల్ల మీద పెట్టుకుంటాండెనంట. నేను ఫోన్లో కనపడనని తెలిసీ. ఇప్పుడు పెట్టుకునేది లేదంట," అన్నాడు.

"లీవు అడిగారా భాయ్?"

"అడిగినా. ఇంకో డ్రైవరు వస్తేనే పంపిస్తారంట. వచ్చేది ఎప్పుడో."

అవతల గాలి హోరు పెరిగింది. ఆయన ఇంకేదో అన్నాడు గానీ ముక్కలు ముక్కలుగా వినిపించింది. ఏమన్నారని గట్టిగా అడిగాను. బస్సు తియ్యాల, పెట్టేస్తాండా అన్నాడు.