ఢిల్లీ కాగితం, ద్రౌపది మెడ

నాందేడ్ పెద్దాసుపత్రి లైబ్రరీలో శివరాం అని ఒక క్లార్కు ఉండేవాడు. మంచివాడే, చేతనైన సాయం చేసేవాడే. కాని ఆయన నోట్లో "మనోళ్ళున్నరు" అనే మాట ఒకటి నానుతుండేది చూడండి, అదే ఒకనాడు కొంప ముంచబోయింది. సరిహద్దున ఉన్న బిలోలి వైపు నుంచి వచ్చే తెలుగు రైతులకు మరాఠీ చీటీలు చదివి పెట్టాలన్నా, వార్డులో మంచం ఇప్పించాలన్నా, పెద్ద డాక్టరు చెవిన మాట వేయాలన్నా ఆయనే దిక్కు. "రంది పడకు, మనోళ్ళున్నరు," అనేవాడు. పని అయ్యేది కూడా.

1988 వానాకాలం. పత్తి చేలకు పురుగు పట్టింది. మందు కొడుతూ కొడుతూ పడిపోయినవాళ్ళను జీపుల్లో వేసుకుని ఆసుపత్రికి తెస్తున్నారు. అలాంటి రోజుల్లో డాక్టర్ వత్సల విసవిసా లైబ్రరీలోకి వచ్చింది. ఆమె కూడా ఆ సరిహద్దు వైపే, ధర్మాబాద్ ఆడపడుచు. వార్డులో ఎంత మరాఠీ మాట్లాడినా శివరాంతో తెలుగే.

"శివరాం భావూ, ఇద్దరు రైతులు మందు పడి వచ్చిన్రు. బతికిన్రు. అన్నం తిన్నరు, నవ్విన్రు. ఇంటికి పంపినం. ఇంటికాడ ఊపిరాగి చచ్చిపోయిన్రు. విషం దిగినంక మనిషి ఎట్ల సస్తడు? గీ లోకంల ఎవలకన్న తెలిస్తే జర వెతుకున్రి."

శివరాం సూచికల బండ పుస్తకాలు దించాడు. ప్రపంచంలోని వైద్య పత్రికల్లో ఏ వ్యాసం ఎక్కడుందో చెప్పే పుస్తకాలవి. ఆ మందు పేరు కింద వ్యాసాలు కుప్పలు. బాగైనవాడు ఎందుకు చస్తాడో చెప్పేది ఒక్కటీ కనిపించలేదు. అప్పుడు వత్సలే ఢిల్లీ సంగతి చెప్పింది. ఆ వ్యాసాల వివరాలన్నీ అమెరికాలో ఒక కంప్యూటర్లో పెట్టారట. ఢిల్లీలో కూర్చుని దాన్ని వెతికే కేంద్రం కొత్తగా వచ్చిందట. మనం మాటలు రాసి పోస్టులో పంపితే, ఆ మాటలన్నీ కలిసిన వ్యాసాల సారాంశాలు అచ్చేసి పంపుతారు.

శివరాం "పురుగుల మందు" అని మాత్రం రాసి పంపాడు. ఇక చూడండి, చాప చుట్టంత కాగితం వచ్చిపడింది! వత్సల తల పట్టుకుంది. "గిట్ల కాదు భావూ. విషం ఒకటి, కండ్రాలు చచ్చువడుడు ఒకటి, ఊపిరాగుడు ఒకటి. మూడూ ఒక్కకాడ ఉన్నయే కావాలని రాయున్రి." అలాగే రాసి మళ్ళీ పంపాడు. జవాబు కోసం ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

ఈలోగా జరగకూడనిది జరిగింది. శివరాం చెల్లెలు ద్రౌపది, బిలోలి దగ్గర పల్లెకిచ్చిన పిల్ల, బకెట్లో మందు పోసి అందరిలాగే మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపింది. చేను గట్టు మీదే కూలబడింది. నోట నురగ. అత్త భీమవ్వ, మొగుడు బాలన్న ఆమెను వార్డుకు తెచ్చేసరికి శివరాంకు పై ప్రాణాలు పైనే పోయాయి. వత్సల సూదిమందు మీద సూదిమందు వేసింది. మర్నాటికి ద్రౌపది కళ్ళు తెరిచి, "అన్నా, ఆకలైతుంది," అంది. శివరాం నడవాలోకి వచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

భీమవ్వకు మాత్రం ఒకటే ధ్యాస. "నా కోడలు లేచి కూసుంటే ఆదివారం పోచమ్మకు బోనం ఎత్తిస్తనని మొక్కిన. మొక్కు తప్పితే తల్లి ఊకుంటదా? ఇంటికి పంపుమను."

వత్సల ససేమిరా అంది. "ఢిల్లీ నుంచి జవాబు రాలే. గా ఇద్దరు గూడ గిట్లనే నవ్వుకుంట పోయిన్రు. నాలుగొద్దులు ఉండనియ్యున్రి."

ఆ మాటతో ఆగాల్సిన మనిషి ఆగాడా? చెల్లెలు బాగైందన్న సంబరం, అత్తగారి పోరు. తిన్నగా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మనవాళ్ళున్నారు కదా! ఇంటికి పంపే చీటీ మీద సంతకం అయిపోయింది. ఆ ఇద్దరు ఎందుకు చచ్చారో వెతుకుతున్నవాడే తన చెల్లెల్ని అదే దారిన పంపాడు. ఏమనాలి ఆ తెలివిని?

మర్నాడు ఎస్టీ బస్టాండులో బిలోలి బస్సు ఎక్కేముందు ద్రౌపది వంగి అన్న కాళ్ళు మొక్కింది. వంచిన తల వంచినట్టే ఉండిపోయింది. పుట్టింటివాళ్ళను వదిలి పోయే ఆడపిల్ల ఏడవకుండా ఎలా ఉంటుంది? శివరాం గడ్డం పట్టి తల పైకెత్తాడు. "ఏడ్వకు చెల్లె, ఆదివారం నేనస్త గద," అన్నాడు. ఆమె కళ్ళల్లో తడి లేదు. అది చూశాడు, కాని పట్టించుకోలేదు. బస్సు కదిలింది.

లైబ్రరీకి వచ్చి కూర్చున్నాడో లేదో, పోస్టుమన్ ఢిల్లీ కవరు తెచ్చాడు. ఈసారి పల్చటి కాగితం. మనలాగే చేలకు మందు కొట్టే మరో దేశపు డాక్టర్లు రాసిన వ్యాసం సారాంశం. శివరాం ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాడు. విషం దిగి మనిషి తేరుకున్నాక ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, కండరాలు చచ్చుబడతాయి. ముందు మెడ. రోగి తల ఎత్తలేడు. తర్వాత ఊపిరి. సూదిమందు పనిచేయదు. ఊపిరి అందిస్తూ ఉంటే మనిషి దక్కుతాడు.

తల ఎత్తలేడు.

ఆమె గడ్డం ఎత్తిన తన చెయ్యి శివరాంకు గుర్తొచ్చింది. కాగితం పట్టుకుని వార్డుకు పరుగెత్తాడు. "మేడం, నా చేతులతోని నేనే పంపిన! పొద్దున తల ఎత్తలే. ఏడుస్తుందనుకున్న!"

వత్సల ఒక్క చూపులో కాగితం చదివింది. "తిట్లు తర్వాత. ఎక్కున్రి బండి," అంది. ఊపిరి కొట్టే రబ్బరు సంచీ, గొంతులో వేసే గొట్టం తీసుకుని అంబులెన్సులోకి దూకింది.

దారంతా బండి మీద బండి, ఎడ్ల మీద ఎడ్లు. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తీయలేదు. ఎదురైన ప్రతి ఎర్ర బస్సునూ శివరాం కిటికీలోంచి వంగి చూశాడు. నాయ్‌గాఁవ్‌లో అడిగితే ఇప్పుడే పోయిందన్నారు. పోచమ్మ తల్లీ, నా తొందరకు నా చెల్లెను తీస్కపోకు అని పైకే అన్నాడు.

నర్సీ చౌరస్తాలో బస్సు ఆగి ఉంది. జనం చాయ్ తాగుతున్నారు. శివరాం బస్సెక్కి జనాన్ని తోసుకుంటూ వెళ్ళాడు. ద్రౌపది తల అత్త భుజం మీద ఉంది.

"ఇప్పుడే నిద్రవట్టింది కొడకా, లేపకు," అంది భీమవ్వ.

"చెల్లే, తల ఎత్తు!"

కళ్ళు తెరుచుకున్నాయి. అన్ననే చూస్తున్నాయి. తల మాత్రం కదల్లేదు. పెదాలు నీలం తిరిగాయి. భీమవ్వ కెవ్వుమంది. వత్సల ఆ సీటు మీదే గొట్టం వేసి సంచీ నొక్కడం మొదలుపెట్టింది. దిగిపోతున్న ద్రౌపది నాడి మళ్ళీ లేచింది.

ఆమెను మళ్ళీ వార్డుకు తెచ్చారు. అక్కడ ఊపిరి మిషన్ లేదు. చేతులే మిషన్. అన్న అలిసిపోతే మొగుడు, మొగుడు అలిసిపోతే అత్త. తిరగలి తిప్పిన భీమవ్వ చేతులు అందరికంటే నిలకడగా నొక్కేవి. ఆదివారం వచ్చింది, పోయింది. బోనం ఊసు ఆమె ఎత్తలేదు. రోజూ పొద్దున్నే వత్సల తలగడ తీసి, "ఎత్తు బిడ్డా," అనేది. రోజూ ఆ తల అలాగే ఉండేది. ఒక పొద్దున మాత్రం అంగుళం లేచింది.

పెద్ద డాక్టరు ఆ కాగితాన్ని వార్డు గోడకు అంటించాడు. ఆ తర్వాత ఊరివాళ్ళెవరైనా, "శివరాం, దవఖాన నుంచి చుట్టీ ఇప్పియ్యి, మీవోళ్ళున్నరు గద," అంటే ఆయన వార్డుకు వెళ్ళేవాడు, తలగడ తీసేవాడు. "ముందుగాల తల ఎత్తు తమ్మీ," అనేవాడు.

పత్తి ఏరాక బోనం చేశారు. దాన్ని నెత్తికి ఎత్తుకునే ముందు ద్రౌపది అందరి కాళ్ళూ మొక్కుతూ అన్న దగ్గరికి వచ్చి వంగింది. శివరాం పట్టి లేపబోయిన చేతులను వెనక్కి తీసుకుని, ఆమె మెడ వైపే చూస్తూ నిలబడ్డాడు.

ద్రౌపది తల తనంతట తానే లేచింది. "ఏందన్నా, దీవించవా?" అని నవ్వింది. ఈసారి ఏడ్చింది శివరాం.