లిలువాలో దాచిన ఏక్‌బాల్‌పూర్ ముఖాలు

నన్ను లిలువా రైల్వే వర్క్‌షాపు కంప్యూటరు కేంద్రానికి బదిలీ చేసింది 2003లో. హోదా సీనియరు ఈడీపీ ఆఫీసరు. పేరు గంభీరంగా ఉన్నా పని ఒక్క మాటలో చెప్పవచ్చు. పగలంతా యంత్రాల్లోకి ఎక్కిన సమాచారం మర్నాడు కూడా అక్కడే ఉండేలా చూడటం. కార్మికుల జీతాలు, సెలవులు, భవిష్యనిధి, స్టోర్సు నిల్వలు అన్నీ మా దగ్గరే ఉండేవి.

మా పద్ధతిని తాత–తండ్రి–కొడుకు అనేవాళ్లం. రోజూ సాయంత్రం తీసే కాపీ టేపు కొడుకు. వారాంతంలో తీసేది తండ్రి. నెలాఖరుది తాత. కొడుకు టేపులు యంత్రాల గదిలోనే ఉండేవి. తండ్రి టేపులు పక్క భవనంలో, తాత టేపులు గంగకు అవతలి ఒడ్డున మరో ఆఫీసు ఇనప బీరువాలో. ఒకే నిప్పుకో ఒకే వరదకో మూడు తరాలూ పోకూడదన్నది అందులోని ఆలోచన. అప్పుడప్పుడు ఒక తాత టేపును తెప్పించి, ఖాళీ యంత్రంలోకి ఎక్కించి, అది చదవడానికి వస్తోందో లేదో చూడాలి. దాన్ని రిస్టోర్ పరీక్ష అంటారు. ఏ ఆఫీసులోనైనా అందరూ బద్ధకించే పని అదే.

ఆ ఏడు చలికాలంలో తెలుగు సంఘం వాళ్ల సభలో ఒకావిడ నా దగ్గరికి వచ్చి, కంప్యూటర్లు చూసే మూర్తిగారు మీరేనా అని అడిగారు. పేరు పైడితల్లమ్మ. గంగకు అవతల, బెంగాల్ రాజధానిలోని బస్తీ అయిన ఏక్‌బాల్‌పూర్‌లో తెలుగు పిల్లలు చదివే చిన్న ప్రైమరీ బడిలో పంతులమ్మ. తండ్రి, తాత ఇద్దరూ కార్పొరేషను పారిశుద్ధ్యంలో పనిచేసినవారు. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఆ బస్తీలో స్థిరపడిన కుటుంబాల్లో కాలేజీ చదువు చదివిన మొదటి మనిషి ఆవిడే. మెడలో చిన్న డిజిటల్ కెమెరా వేలాడుతోంది.

ఆ కెమెరా ఎందుకు కొన్నారో ఆవిడే చెప్పారు. ఆవిడ దగ్గర చదివే ఒక పిల్ల తండ్రి పోతే దండ వెయ్యడానికి ఇంట్లో ఫొటో లేదు. డ్యూటీ పాసు మీది తపాలాబిళ్లంత బొమ్మను స్టూడియోలో పెద్దది చేయించారు. అందులో ముఖం కన్నా ఆఫీసు ముద్రే ఎక్కువగా కనిపించిందట. ఆ తరువాత ఆవిడ కెమెరా కొనుక్కుని, బస్తీలో ఇంటింటికీ వెళ్లి, ఎవరి గుమ్మం ముందు వాళ్లను నిలబెట్టి ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. ఆ ఊళ్లోనే ఉన్న చాందినీ చౌక్‌లో పాత కంప్యూటరు ఒకటి కొని తన గదిలో పెట్టుకున్నారు.

ఆవిడ భయమల్లా కెమెరాలోని కార్డు గురించి. అది చిన్నది. నిండగానే ఫొటోలన్నీ కంప్యూటరులోకి దించి కార్డును చెరిపెయ్యాలి.

“చెరిపే మీట నొక్కే ముందు నాలుగేసి సార్లు చూసుకుంటాను దాదా,” అన్నారు, అన్నగారిని పిలిచే బెంగాలీ పిలుపుతో. “ఆ కంప్యూటరు మొరాయిస్తే నాకాడ ఇంకేటి ఉంటాది? మీ ఆఫీసులో ఇలాటివి ఎలాగ దాస్తారండి?”

నేను మూడు తరాల పద్ధతి చెప్పాను. ఒకసారి రాస్తే మళ్లీ చెరపడానికి వీలులేని సీడీలు కొనమన్నాను. ఫొటోను దిద్దకుండా, కెమెరా తీసింది తీసినట్టే రాయమన్నాను. అలా ఉంచితే తీసిన తేదీ కూడా ఫొటో వెంటే ఉండిపోతుంది. ఒక జత తన దగ్గర, ఒక జత వేరే పేటలో, ఇంకొకటి నది దాటించి పెట్టుకోమన్నాను. ఆవిడ అన్న సింహాచలం షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేస్తూ అక్కడి క్వార్టరులోనే ఉండేవాడు. రెండో జత అతనికి. “మూడోది మీకే,” అన్నారు. కాదనలేకపోయాను.

బడికి సెలవులొచ్చినప్పుడల్లా, అంటే వేసవికి, దుర్గాపూజకు, క్రిస్మస్‌కు, లిలువాలోని మా ఇంటికి ఒక కవరు వచ్చేది. ఆఫీసు అలవాటు కొద్దీ నేను దాన్ని అంటించి, అతుకు మీద తేదీ వేసి సంతకం చేసి బీరువాలో పెట్టేవాణ్ణి.

అంతవరకు ఆవిడ నా దగ్గర నేర్చుకున్నదే. తరువాత చేసిన పని మాత్రం నాకు తట్టనిది. రిస్టోర్ పరీక్ష గురించి చెప్పినప్పుడు ఆవిడ కాస్త ఆలోచించి, “అన్నీ నేనొక్కదాన్నే కూర్చుని చూడాలంటే ఏడాదికి ఒక్కసారి కూడా చూడనండి. చూడాల్సినోళ్ల చేత చూపిస్తాను,” అన్నారు. కొన్నాళ్లకు బడి హాల్లో ఫొటోల సభ పెట్టారు. తన గదిలోని సీడీలు వాడలేదు. అన్న దగ్గరి జత, నా దగ్గరి జత తెప్పించారు. సభ కాగానే నా కవర్లను మళ్లీ అంటించి, ఆ రోజు తేదీ వేసి సంతకం చేసేవాణ్ణి. గోడమీద తెల్ల దుప్పటి కట్టి, అరువు ప్రొజెక్టరుతో ఒక్కొక్క సీడీ తెరిచి వరసగా చూపించారు. బస్తీ అంతా వచ్చి కూర్చుంది. ఏ ఫొటో తెరుచుకోకపోయినా ఆ ఇంటివాళ్లు ఊరుకోరు. “మా బొమ్మేటయ్యింది పంతులమ్మా?” అని లేచేవారు. మేము జీతం పుచ్చుకుని బద్ధకించే పరీక్షను ఆవిడ జనం ఎదురుచూసే పండగగా మార్చారు.

అలాంటి రెండో సభలోనే షాలిమార్ జత మొరాయించింది. యార్డు పక్క క్వార్టరులో గోడలు చెమ్మ. సీడీల మీద తెల్లటి పొర పట్టింది. అప్పటికప్పుడు నా దగ్గరి జతనుంచి కొత్తవి రాసి, బియ్యం డబ్బాలాంటి మూత గట్టి డబ్బాలో పెట్టి సింహాచలానికి ఇచ్చారు. ఆ సభ పెట్టకపోయి ఉంటే ఆ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

2007 డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం బస్తీ పక్కనున్న గోదాములో నిప్పు లేచి గుడిసెలకు అంటుకుంది. మగవాళ్లు డ్యూటీల్లో, పిల్లలు బడిలో ఉన్న వేళ కాబట్టి ప్రాణాలు పోలేదు. మిగతావన్నీ పోయాయి. రేషను కార్డులు, అద్దె రసీదులు, ఓటరు కార్డులు, పంతులమ్మ గది, ఆ గదిలోని కంప్యూటరు, సీడీలు, ఆవిడ తీసి ఇంటింటికీ ఇచ్చిన ఫొటోలు కూడా.

కాలిన చోట మళ్లీ ఇళ్లు వేసుకోవడానికి కార్పొరేషను వెదుళ్లు, రేకులు ఇస్తామంది. అయితే అక్కడ ఉంటున్నామని చూపించుకోవాలి. బస్తీ స్థలం యజమాని తరఫు మనిషి, ఆ వార్డులు చూసే కార్పొరేషను బోరో ఆఫీసుకు వెళ్లి, సగం గదులు ఎప్పటినుంచో ఖాళీగా ఉన్నాయని చెప్పాడు. ఖాళీ అని తేలిన జాగా యజమాని చేతికి తిరిగి వస్తుంది. అధికార పార్టీ లోకల్ కమిటీ కార్యదర్శికి జనం ముఖాలు తెలుసు గాని, కాగితం లేకుండా అందరికీ సంతకం పెట్టలేనన్నాడు. మూడు తరాలుగా ఆ ఊరి వీధులు ఊడ్చినవాళ్లు తాము ఆ ఊళ్లో ఉన్నామని రుజువు చేసుకోవలసి వచ్చింది.

పంతులమ్మ నాకు ఫోను చేశారు. ఏడవలేదు, జరిగింది వర్ణించలేదు. “కవర్లు విప్పకండి దాదా. అలాగే పట్టుకొచ్చీండి,” అన్నారు.

బాధితులను బడి హాల్లోనే ఉంచారు. విచారణకు వచ్చిన బోరో ఆఫీసు అసిస్టెంటు ఇంజనీరు ఘోష్‌బాబు అనే బెంగాలీ ఆయన. మర్యాదస్తుడు, కాని పనిలో గట్టివాడు. నా ముందున్న కవర్లను చూసి, ఇవి ఈ వారంలో కూర్చుని తయారు చెయ్యలేదని నేనెలా నమ్మాలి అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. కవర్ల అతుకుల మీది సంతకాలు చూపించాను. ఇవి ఒకసారి రాస్తే మార్చలేని సీడీలని, కెమెరా వేసిన తేదీ ప్రతి ఫొటోలోనూ ఉందని, ఈ బస్తీతో ఏ లావాదేవీ లేని నేను నదికి అవతల లిలువాలో వీటిని దాచానని చెప్పాను. కెమెరా గడియారాన్ని మార్చవచ్చు కదా అన్నారు. మార్చవచ్చు, అందుకే ఒక్క జతను నమ్మవద్దు, షాలిమార్ జత కూడా తెప్పించి రెండూ పోల్చండి అన్నాను. సింహాచలం తన డబ్బా తెచ్చాడు. రెండు జతలూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఆయన తల ఊపి, “ఠిక్ ఆఛే, సరే. పిలవండి,” అన్నారు.

పంతులమ్మ ఒక్కొక్క ఫొటో తెరిచి ఇంటివాళ్లను పిలిచారు. గుమ్మం, గుమ్మం మీద సున్నంతో రాసిన నంబరు, ముందు నిలబడ్డ మనుషులు. ఘోష్‌బాబు తెరను, ఎదుటి ముఖాన్ని మార్చి మార్చి చూసి రాసుకున్నారు. గవరమ్మ అనే ముసలావిడ వంతు వచ్చింది. కార్పొరేషనులో ఊడ్చి రిటైరైన మనిషి. తెరమీద పోయిన భర్తతో కలిసి ఉన్న బొమ్మ చూసి ఆఫీసరు వైపు తిరిగింది.

“ఆడు నా మొగుడు బాబూ. ఆ గుమ్మం మాదే. ఇంకేటి సెప్పమంటావు?”

ఆయనకు తెలుగు రాదు. అయినా ఎవరూ అనువదించవలసిన అవసరం రాలేదు.

సమస్య చివర్లో వచ్చింది. మేము చివరిసారి సీడీలు రాసింది పూజ సెలవులు మొదలైనప్పుడు. దీపావళినాటి కాళీపూజ తరువాత బస్తీకి వచ్చిన కొన్ని కుటుంబాలున్నాయి. వాళ్ల ఫొటోలు పంతులమ్మ తీశారు గాని, క్రిస్మస్ సెలవుల్లో రాయవలసినవి కాబట్టి కంప్యూటరుతోపాటే కాలిపోయాయి. విచారణ చూడటానికి వచ్చి కూర్చున్న యజమాని మనిషి అప్పుడు లేచాడు. ఫొటోయే రుజువని మీరే చూపించారు, వీళ్లకు లేదు కదా అన్నాడు.

మా వృత్తిలో చివరి కాపీ తీశాక జరిగిందంతా పోయినట్టే లెక్క. పంతులమ్మ ఆ లెక్కకు ఒప్పుకోలేదు. అబద్ధమూ ఆడలేదు.

“ఫొటో లేదండి, కాలిపోయింది,” అని బెంగాలీలోనే చెప్పి, జనం వైపు తిరిగి తెలుగులో అడిగారు. “ఈ కొత్తగా వచ్చిన రామారావోళ్ల గది ఎవరి పక్కన?”

“మా పక్కనే,” అని గవరమ్మ చెయ్యెత్తింది. అటువైపు గదివాళ్లూ లేచారు.

ఆవిడ ఘోష్‌బాబుతో, వీళ్లు ఇక్కడివాళ్లేనని ఇప్పుడే మీరు రాసుకున్నారు కదా, మీరు నమ్మినవాళ్లు పక్కింటివాళ్ల గురించి చెబితే నమ్మరా అన్నారు. ఆయన అప్పటిదాకా రాసుకున్న పేర్లను మరోసారి పైనుంచి కిందికి చదువుకున్నారు. చివరికి ప్రతి కొత్త కుటుంబానికీ రెండు పక్కల గదులవాళ్ల వేలిముద్రలు తీసుకుని ఒప్పుకున్నారు. రామారావు గది విషయంలో మాత్రం యజమాని మనిషి పట్టుబట్టి వాయిదా వేయించాడు. ఆ కుటుంబానికి రేకులు రావడానికి ఎండాకాలం అయింది. అంతవరకు వాళ్లు గవరమ్మ దగ్గరే ఉన్నారు.

తరువాతి ఆదివారాలు నేను ఏక్‌బాల్‌పూర్ వెళ్లి సాయం చేశాను. పంతులమ్మ సీడీలనుంచి ప్రతి ఇంటికీ ఫొటోలు మళ్లీ అచ్చువేయించి పంచుతున్నారు. ఏ ఇంటివి ఎక్కడున్నాయో వెతకనక్కర లేకుండా చెప్పేవారు. ఒక మధ్యాహ్నం, అన్నీ పంచాక, మీ అమ్మగారి ఫొటోలు పక్కన పెట్టుకున్నారా అని అడిగాను. ఆ తల్లి నవంబరులో జబ్బు చేసి పోయారని నాకు తెలుసు.

“పాతవి ఉన్నాయి దాదా,” అన్నారు. “ఆస్పత్రినించి ఇంటికి తెచ్చాక తీసినవి లేవు. ఆ నాలుగు రోజులూ నాతో కబుర్లాడతా, నవ్వతా ఉండీది. క్రిస్మస్‌కి అందరివాటితోపాటు రాద్దామనుకున్నాను.”

అగ్నిప్రమాదం జరిగిన రోజునుంచి అప్పటివరకు ఆవిడ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. పక్కనే ఉన్న సింహాచలానికి కూడా అప్పుడే తెలిసింది. అతను బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుని మిగిలిన కవర్ల మీద పేర్లు రాయడం పూర్తి చేశారు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పెద్ద పెద్ద యంత్రాలను నడిపినవాళ్లను చూశాను. తనకు జరిగిన నష్టాన్ని పక్కకు నెట్టి, ఇతరుల సొత్తును ఇంత శ్రద్ధగా చేతికి అందించినవాళ్లను ఎక్కువమందిని చూడలేదు.

ఆ తరువాత ఆవిడ సెలవుల కోసం ఆగడం మానేశారు. ప్రతి శనివారం బడి వదలగానే కొత్త ఫొటోలు రాసి సింహాచలం చేత పంపేవారు. నేను ఉద్యోగం విరమించేదాకా ఆ కవర్లు వస్తూనే ఉన్నాయి. మా కేంద్రంలో కూడా నేను కొన్ని మార్పులు చేయించాను. పగటి పనిలో ముఖ్యమైనదాన్ని సాయంత్రం దాకా ఆపకుండా మధ్యాహ్నమే ఒకసారి కాపీ తీయించాను. పైఅధికారి టేపుల ఖర్చు గురించి అడిగితే కారణం రాసి ఇచ్చాను.

ఆ అనుభవం నాకు నేర్పింది ఇంతే. కాపీలు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి అన్నవి అవసరమైన ప్రశ్నలే. కాని కాపీకీ కాపీకీ మధ్య ఎంత కాలం ఉండాలన్నది మన తీరికను బట్టి నిర్ణయించకూడదు. ఆ మధ్యలో జరిగినదాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నామా లేదా అని ముందుగా మనల్ని మనం అడిగి, అప్పుడు నిర్ణయించాలి.