ఆపినా షాక్ కొట్టే కుళాయి

కరోనాకు ముందటి ఏడాది. సౌదీలోని హుఫూఫ్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో నేను ఎలక్ట్రీషియన్‌ని. మాది జగిత్యాల వైపు. పొద్దున్నే కంపెనీ బండి మమ్మల్ని ఒక్కో ఇంటి దగ్గర దించి వెళ్ళేది. చల్లబడని ఏసీలు, తిరగని మోటార్లు, మాడిపోయిన సాకెట్లు, రోజూ అవే పనులు. చేసిన ఇళ్ళన్నీ గుర్తుండవు. ఆ ఒక్క ఇల్లు మాత్రం గదులతో సహా గుర్తుంది.

అది ఖర్జూరపు తోటల పక్కన ఉన్న పాత విల్లా. యజమాని అబూ నాసిర్, యాభై దాటిన మనిషి. తోటలో మోటారు చెడినా, ఇంట్లో లైటు పోయినా తనే విప్పి బాగుచేసుకునే అలవాటు ఉన్నవాడు. ఏసీ లోపలి గ్యాస్ సంగతులు మాత్రం తనకు తెలియవని మా కంపెనీకి ఫోన్ చేశాడు. చూస్తే గ్యాస్ బాగానే ఉంది, మోటారును తిప్పే కెపాసిటర్ పోయింది. అది మార్చి నిచ్చెన దిగుతుంటే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "పనిల ఉన్న, మల్ల చేస్త" అని పెట్టేశాను.

గుమ్మం దగ్గర చాయ్ పళ్ళెంతో ఒకామె నిలబడి ఉంది. "మీరు తెలుగోరాండీ?" అంది.

ఆమె పేరు సత్యవతి. నరసాపురం దగ్గరి ఊరు. అబూ నాసిర్ తల్లిని చూసుకోవడానికి వచ్చింది. పళ్ళెం కింద పెట్టి ఒక్కసారిగా చెప్పుకొచ్చింది.

"మీకు పుణ్యముంటాది తమ్ముడూ, ముసలావిడ బాత్రూమ్ ఓసారి చూడండి. కుళాయి ముట్టుకుంటే చెయ్యి లాగేత్తంది. చెప్తే ఎవరూ నమ్మట్లేదండి. నేనేమో ఆవిణ్ణి అందులోకి ఎల్లనివ్వట్లేదు. వంటింట్లో నీళ్ళు కాచి మోసుకెళ్ళి గదిలోనే కాళ్ళూ చేతులూ కడుగుతున్నాను. అయ్యగారి భార్యకి కోపమొచ్చేసింది. బాత్రూమ్ కడగటం తప్పించుకోడానికి నాటకాలాడుతున్నానంట. నన్ను తెచ్చిన ఆఫీసుకి అప్పజెప్పేత్తారంట."

పక్కనే ఉన్న అబూ నాసిర్‌కు మాటలు అర్థం కాకపోయినా విషయం అర్థమైంది. నా అరబ్బీ అంతంతమాత్రం, ఆయన హిందీ అంతకంటే తక్కువ. అయినా పని మాటలు ఇద్దరికీ వచ్చు.

"ఆ కుళాయి సంగతేనా? నేనే చూశాను. మాఫీ కహరబా, అక్కడ కరెంటు లేదు. నీళ్ళు కాచే హీటర్ బ్రేకర్ ఆపేసి ఉంచాను కూడా. పట్టుకుని చూశాను, ఏమీ కాలేదు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉన్న సంగతే చెబుతున్నాననే నమ్మకం ఉంది.

నేను సత్యవతి వైపు తిరిగాను. "అక్కా, బ్రేకర్ బంద్ జేసినంక గూడ గుంజుతున్నదా?"

"అదే గదండీ! ఆపినా లాగేత్తంది. చెప్పులేసుకుంటే ఏం లేదు. తడి నేల మీద ఉత్తికాళ్ళతో నిలబడితేనే లాగుతాది."

ఆ చివరి మాట విన్నాక నేను సంచి సర్దుకుని వెళ్ళలేకపోయాను. నాటకమాడే మనిషికి చెప్పులకూ వట్టికాళ్ళకూ తేడా తెలియదు. ఆమె దెబ్బ తిని మరీ కనిపెట్టింది. అబూ నాసిర్ బూట్లతో, పొడి చేతులతో ముట్టుకుని ఉంటాడు. ముసలావిడ మాత్రం నమాజుకు ముందు రోజుకు ఐదుసార్లు వట్టికాళ్ళతో అదే తడి నేల మీద నిలబడి చేతులూ పాదాలూ కడుక్కునే మనిషి.

"ఒక్క నిమిషం చూస్తాను" అని యజమానిని అడిగాను. ఆయన తల ఊపి, తనే ముందు నడిచాడు.

మీటర్ ఒక తీగ కుళాయికి, రెండోది నేలలోని తూము ఇనుప మూతకు ఆనించాను. నూరు వోల్టులు దాటి చూపించింది. బ్రేకర్ ఆపే ఉంది. అబూ నాసిర్ మీటర్‌లోకి వంగి చూసి, వెళ్ళి బ్రేకర్‌ను మళ్ళీ తన వేలితో నొక్కి చూసుకుని వచ్చాడు. అంకె మారలేదు.

నేను ఇంటి మొత్తానికి ఉన్న మెయిన్ ఆపాను. అప్పుడు గానీ మీటర్ సున్నాకు రాలేదు. మెయిన్ మళ్ళీ ఎవరూ పొరపాటున వేయకుండా దానికి తాళం వేసి, అప్పుడు డీబీ తెరిచాను. ఇంటికొచ్చిన కరెంటును గదులకు పంచే పెట్టెను డీబీ అంటాం.

కారణం అందులోనే కనిపించింది. మన ఇళ్ళలో రెండు తీగల్లో ఒకటే ఫేజు, అంటే కరెంటు తెచ్చేది. రెండోది న్యూట్రల్. ఇక్కడి పాత ఇళ్ళలో చిన్న సాకెట్లకు అలాగే ఉంటుంది గానీ, ఏసీలకూ హీటర్లకూ మాత్రం రెండు తీగలూ ఫేజులే. అందుకే వాటికి రెండింటినీ ఒకేసారి తెంచే టూ పోల్ బ్రేకర్ పెట్టాలి. ఈ హీటర్‌కు ఉన్నది సింగిల్ పోల్. రెండు తలుపుల ఇంటికి ఒక తలుపే మూసినట్టు, రెండో తీగలో కరెంటు అలాగే నిలిచి ఉంది. హీటర్ లోపలి కాయిల్ పాడై, ఆ కరెంటు ట్యాంకుకూ, ఇనుప పైపుకూ, కుళాయికీ పాకింది. లీకైన కరెంటును భూమిలోకి పంపాల్సిన ఎర్త్ తీగ అసలు లేనే లేదు.

"ఈ కేబుల్ ఎవరు వేశారు?"

"నేనే" అన్నాడు అబూ నాసిర్. "పాత బ్రేకర్ ఊరికే ట్రిప్పై పడిపోయేది. తీగలు పాతబడ్డాయనుకుని కొత్త కేబుల్ లాగాను, బ్రేకర్ మార్చాను. తర్వాత ఒక్కసారి కూడా పడలేదు."

ఆయన పని శుభ్రంగా ఉంది. స్క్రూలు గట్టిగా బిగించి ఉన్నాయి, తీగ ఎక్కడా చీలలేదు. అదే చెప్పి, తర్వాత అసలు మాట చెప్పాను. "బ్రేకర్ పడింది తీగల వల్ల కాదు. హీటర్ లీకవుతోందని చెప్పడానికి పడింది. ఎర్త్ లేని కేబుల్ వేశాక దానికి ఆ సంగతి తెలిసే దారి పోయింది."

ఆయన బాత్రూమ్ గడప మీదే కూర్చుండిపోయాడు. లోపలి గదిలోంచి ముసలావిడ "బింతీ, బింతీ" అని సత్యవతిని పిలుస్తోంది. అమ్మాయీ అని అర్థం.

కొంతసేపటికి లేచి, "ఏం కొనాలో చెప్పు. నేను మార్చేస్తాను" అన్నాడు.

"పెట్టెలో పని మీరు చేయకూడదు. లైసెన్సు ఉన్నవాళ్ళే చేయాలి, చేశాక పరీక్షించాలి. రూల్ కోసమే కాదు, అమ్మ కోసం" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. తల్లి కోసం తన చేత్తో చేయాలని ఆయన ఆరాటం. "గోడకు తీగలను కప్పే ట్రంకింగ్ గొట్టం మీరు బిగించండి. కరెంటు లేదని నేను మీటర్‌తో చూపించాక పాత హీటర్ మీరే దించండి. తీగలు కలిపే పని నాది" అన్నాను.

మా ఇంజనీరుకు ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాను. ఆ రోజుకు హీటర్ తీగలు రెండూ విప్పి, చివరలు మూసి, కుళాయి మళ్ళీ పరీక్షించాకే కదిలాను. మరునాడు ఇద్దరం కలిసి పనిచేశాం. ఎర్త్ ఉన్న కేబుల్, టూ పోల్ బ్రేకర్, కొత్త హీటర్, వాటితోపాటు కాస్త లీకైనా క్షణంలో కరెంటు తెంచే ఈఎల్‌సీబీ. దాని మీది టెస్ట్ బటన్ ఆయన చేతే నొక్కించాను. టక్కున పడింది. "నెలకోసారి ఇలా నొక్కండి. ఇది ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పనే" అన్నాను. ఆయన భార్యను పిలిచి చూపించాడు, ఆవిడ కూడా నొక్కి చూసింది.

అన్నీ కొలిచి, సరేనన్నాను. సత్యవతి తనే ముందు ముట్టుకుని చూద్దామని చెప్పులు వదిలి లోపలికి అడుగుపెట్టబోయింది. అబూ నాసిర్ చెయ్యి అడ్డం పెట్టాడు. తన బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పాడు, తడి నేల మీద నిలబడి కుళాయి రెండు చేతులతో పట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూసి అన్నాడు: "మీ భాషలో సరిగ్గా చెప్పు. నేను ఆమె మాట వినలేదు. ఆమె మా అమ్మను కాపాడింది. ఇది ఆమె ఇల్లు, ఏ ఆఫీసుకూ పంపం."

నేను చెప్పాను. సత్యవతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అంత మాటెందుకండీ. ఆవిడ నన్ను కూతురా అంటారు. కూతురన్నాక చూత్తా ఊరుకుంటామా?" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు అరబ్బీలోకి మార్చి చెప్పాను.

అబూ నాసిర్ వాళ్ళమ్మ సత్యవతి భుజం పట్టుకుని నెమ్మదిగా వచ్చి, కుళాయి కింద చేతులు పెట్టింది. గోరువెచ్చని నీళ్ళు ముఖం మీద చల్లుకుని నవ్వింది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, "మన గీజరుకు ఎర్తింగ్ ఉన్నదో లేదో రేపే చూపియ్యి" అని నా భార్యకు చెప్పాను.

ఆ ఇంటికి నేను రుణపడి ఉన్నాను. తప్పు తెలిశాక కోప్పడకుండా బూట్లు విప్పిన మనిషిని అక్కడే చూశాను. ఉద్యోగం పోతుందని తెలిసీ తలుపుకు అడ్డం నిలబడ్డ మనిషిని కూడా అక్కడే చూశాను. మీటర్ చూడటం నాకు ఐటీఐలో నేర్పారు. ఎవరిని అడగాలో మాత్రం సత్యవతి అక్క నేర్పింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా సంచి విప్పకముందే, ఆ ఇంట్లో నేల తుడిచేది ఎవరో కనుక్కుని, "ఎక్కడైనా చెయ్యి గుంజుతున్నదా?" అని అడుగుతాను.