కణాల కొండను అలికిన వైనం

బ్రహ్మదేవుడి పనిని బుట్టెడు పేడతో ఆపిన ఇల్లాలిని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనకార్యం నాదే. వినండి.

యాభైల నాటి మాట. కాలేజీ సెలవులకు పత్తికొండకు వచ్చిన మా మరిది ఓబులేసు పెరట్లో మోకాలెత్తు మట్టిదిబ్బ పోసి, పైనుంచి కిందికి చీలిపోయే కాలువలు తీశాడు. మంచి ఎర్రమట్టి, రెండు గోడలు మెత్తొచ్చు! నా ప్రాణం గిలగిలలాడింది.

"ఏం చేస్తాండావప్పా? మట్టి ఊరికే వస్తాదా?"

"లెక్క కడతాండా వదినా. కడుపులో బిడ్డ మొదట ఒకే కణం. అది చీలి చీలి లెక్కలేనన్ని అయినాక, కొన్ని ఎముక అవుతాయి, కొన్ని కన్ను అవుతాయి. ఎట్ల? ఈ గోలీ కణమనుకో. ఏ కాలువలోకి దొర్లితే ఆ అవయవం. ఆ వాలుకే నా లెక్క."

"ఒకే పిండితో రొట్టె, సంగటి చేసినట్లా?"

"అంతే. కానీ ఈడ వంటామె లేదు."

వంటామె లేకుండా వంటా! ఆ మాట చెవిలో దూరిన చీమలా నన్ను వదల్లేదు. వేలికి గోరు కావాలని, కంటికి వద్దని ఎవరు చెప్పారబ్బా?

ఇంతలో వాళ్ల లెక్చరరు దిబ్బ చూడటానికి వస్తున్నారని తెలిసింది. ఆయన మెచ్చి సిఫారసు చేస్తేనే ఓబులేసుకు మద్రాసులో పైచదువు. అంత పెద్దమనిషికి గుంతల దిబ్బ చూపిస్తామా? మరిది బస్సుకు ఎదురెళ్లగానే పేడ చిక్కగా కలిపి, గుంతలన్నీ పూడ్చి, నున్నగా అలికి, ముగ్గు కూడా వేశాను. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. నేను అలకగానే సృష్టే ఆగిపోయింది.

లెక్చరరును వెంటబెట్టుకొచ్చిన మరిది వాన తప్పిన సజ్జచేనులా నిలబడిపోయాడు. "వదినా! కాలువలు యాడ?"

"పూడ్చినా. శానా గుంతలుండె కదప్పా!"

లెక్చరరు నవ్వకుండా గోలీ వదిలారు. అది ముగ్గు మీదుగా కాస్త దొర్లి, పచ్చి పేడలో కూరుకుపోయింది.

"ఏమిటయ్యా ఇది? ఎముకా, కన్నా?"

మరిది ఎక్కాల్సిన మద్రాసు రైలు పక్కనున్న డోను స్టేషన్లోనే చెడిపోయినట్టనిపించింది నాకు.

ఓబులేసు వంగి గోలీకేసి వేలు చూపించాడు. "ఇంకా ఏమి కావాలో తేల్చుకోలేదు సార్. అట్లాంటి కణాలూ ఉండాయి కదా! గోలీ నిలిచిపోయే చోటుకు కూడా లెక్క ఉండాల. నేనే మరిచిపోయినా."

ఆయన దిబ్బ ముందు గొంతుకూర్చున్నారు. గురుశిష్యులిద్దరూ పుల్లలతో నేలంతా లెక్కలు గీసి, నా పెరటిని కోడి కెలికిన పెంటకుప్ప చేశారు. చివరికి, "మద్రాసుకు నేను చెబుతాలే," అన్నారాయన. పోతూ పోతూ నా వైపు తిరిగి, "అమ్మా, బిడ్డ పుట్టేదాకా మళ్లీ అలకొద్దు," అన్నారు.

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఏ మట్టిదిబ్బ కనిపించినా, "దీంట్లోనుంచి ఎవరైనా పుట్టాల్సి ఉండాదా అప్పా?" అని అడగనిదే పేడచెయ్యి వేయను.