గడి ముందు ఆగని కార్లు

నేను ఇంతవరకు మూడు కార్లు కొన్నాను. మూడూ ఒకరు వాడి వదిలించుకున్నవే. తాండూరు రాతి గనుల్లో బండల కొలతలు రాసుకునేవాడికి ఒక్క కారే ఎక్కువ, మూడెందుకని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు మంచి కోరి అడిగారు, కొందరు మంట కొద్దీ అడిగారు. అందరికీ ఒకటే జవాబు.

నేను బడికి పోలేదు. బండల మీద సుద్దముక్కతో పొడవు, వెడల్పు రాసేవాళ్లను చూసి అంకెలు నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏది కనబడినా కొలవడం నా అలవాటు. మా ఊరు తాండూరు నుంచి కరణ్‌కోట పోయే వైపు ఉంటుంది. ఊళ్లోకి రాగానే దొర ఉండే కోటలాంటి ఇల్లు, గడి. దాని గోడ ఈ మూల నుంచి ఆ మూలకు నూట పన్నెండు అంగలు. మావాళ్లు ఎవరైనా సరే, ఆ నూట పన్నెండు అంగలూ బండి దిగి, చెప్పులు చేత పట్టుకుని నడవాలి. ఎడ్లబండి అయినా అంతే, సైకిలైనా అంతే.

నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయింది. ఇక గడి ముందు దిగే పని లేదని తాండూరు హోటళ్లలో అందరూ అన్నారు. ఆ మాట మా కాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నా సైకిల్ ఆ మూలకు రాగానే కాలు దానంతటదే కిందికి దిగేది.

తరువాత కొన్నేళ్లకు వికారాబాద్‌లో ఒక వకీలు ఊరు విడిచి పోతూ తన నల్ల కారు అమ్మాడు. నేను కొన్నాను. దానికి సెల్ఫ్ లేదు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి, అదీ దాని మనసు బాగుంటేనే. మొదటిరోజు నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఊరికి వచ్చాను. గడి మూల దగ్గర ఇంజన్ ఆపాను. ఎవరూ ఆపమనలేదు. దిగి చెప్పులు విడిచి సీటు మీద పెట్టాను. ఒక చేయి కిటికీలోంచి స్టీరింగ్ మీద వేసి, భుజం తలుపుకు ఆనించి కారును తోయడం మొదలుపెట్టాను. నా భార్య దిగి వెనక నుంచి తోసింది.

"కారెక్కిపిస్తనన్నవ్. తోపిస్తనని జెప్పలే," అంది.

ఎదురుగా వచ్చిన బండివాడు ఎడ్లను ఆపి మరీ చూశాడు. "గదేందన్నా, నా బండిని ఎడ్లు గుంజుతయి. నీ బండికి మీరిద్దరే ఎడ్లా?"

నవ్వొచ్చే మాటే. కానీ నాకు అప్పుడు అందులో వింత ఏమీ కనబడలేదు. నాలుగు నెలలు అలాగే తోశాను. ఒకటి మాత్రం లెక్కకు వచ్చింది. బరువు తోసేటప్పుడు అంగ కురచ అవుతుంది. అదే గోడ నూట తొంభై అంగలు అయింది. నేను కారు కొన్నాక గడి పొడుగు పెరిగిందన్నమాట.

ఆ వానాకాలంలో నన్ను కన్న మా అవ్వకు మోకాలు వాచింది. వికారాబాద్ దవాఖానాకు తీసుకుపోదామని పొద్దున్నే కారెక్కించాను. గడి మూల రాగానే ఆపాను. అవ్వ దిగింది. కుంటుతూ, చెప్పులు ఎడమ చేతిలో పట్టుకుని నడిచింది. బురదలో కారు కదలడం లేదు. ఒక్కసారిగా కొంచెం తేలికైంది. ఏమిటా అని వెనక్కి చూస్తే, అవ్వ కుడి చేయి కారు మీద ఉంది. తోస్తోంది.

గోడ దాటాక అవ్వను మళ్లీ ఎక్కించాను. వికారాబాద్ చేరాం. డాక్టరు సూది వేసి, కాలు మీద బరువు పెట్టొద్దన్నాడు. సాయంత్రం తిరిగి వచ్చాం. గడి కనబడగానే అవ్వ నా భుజం తట్టింది.

"బిడ్డా, మూల మీదికి వచ్చినం. ఆపు."

"ఆప అవ్వా."

"ఆపు రా. దిగుత."

"డాక్టరేమన్నడు?"

"డాక్టరుకేం తెలుసు గీ ఊరి సంగతి!"

కారు ఆగలేదు. అవ్వ సీట్లోనే వంగి చెప్పులు విడిచి ఒళ్లో పెట్టుకుంది. నేను హారన్ మీద చేయి పెట్టి గోడ అయిపోయేదాకా తీయలేదు. పదకొండు లెక్కపెట్టేసరికి గడి అయిపోయింది. నా బతుకంతా దిగి నడిచింది పదకొండు అంకెలంత దూరమే.

మర్నాడు గడిలో పనిచేసే కాకా వచ్చి దొర పిలుస్తున్నాడన్నాడు. పోయాను. దొర అరవలేదు.

"కారు కొన్నవ్, సంతోషం. గడి కాడ దిగి పోతే నీదేం పోతది రా?"

"ఆపితే మళ్ల లేవది దొరా."

"ఇన్నొద్దులు లేవలేదా?"

"లేసింది. నూట తొంభై అంగలు తోస్తే లేసింది. నిన్న మా అవ్వ గూడ తోసింది."

"లెక్కలు నాకు జెప్పకు. గనికి పోయే తొవ్వ నా చేన్లకెళ్లే ఉన్నది. యాదికున్నదా?"

"ఉన్నది."

"దిగుతవా?"

"దిగ."

ఆ మధ్యాహ్నమే బాటకు ముళ్లకంప పడింది. చేను గుండా గని రెండు మైళ్లు. చుట్టు తిరిగితే ఏడు. పోనురాను రోజుకు పది మైళ్లు ఎక్కువ, అదీ రాళ్ల బాట. కొలతకు ఆలస్యంగా వస్తే బండలు వేరేవాడు కొలుస్తాడు, కాబట్టి గంట ముందు లేవాలి. దిగుతానని ఒక్క మాట అంటే కంప తీస్తామని కాకా ఏడాదికి రెండుసార్లు వచ్చి చెప్పేవాడు. మా అన్నదమ్ములూ అదే చెప్పారు. అవ్వ మాత్రం చెప్పలేదు. రెండో నెలలోనే ఆమె చెప్పులు కాళ్లకే ఉంచుకుని కూర్చోవడం చూశాను.

ఆ చుట్టుదారి నల్ల కారును నాలుగేళ్లలో తినేసింది. తరువాత పటాలంవాళ్లు అమ్మేసిన జీపు కొన్నాను. అది ఇంకో అయిదేళ్లు ఓర్చుకుంది. వంగి ఉంటే ఒక్క కారుతో బతుకు వెళ్లిపోయేదని మంచి కోరేవాళ్లు అంటారు. కూడిక వాళ్లకూ వచ్చు, తప్పు లేదు. రెండు బండ్లు పోయాయి. తొమ్మిదేళ్లు రోజుకు పది మైళ్లు. ఒక్క మైలును కూడా నేను నష్టంలో వేయను.

కిందటేడు దొర కొడుకులు ఆ చేను అమ్మేశారు. కొన్నవాళ్లు కంప తీశారు. ఇప్పుడు నాది మూడో కారు, తెల్లది. దొర ముసలివాడై గడి అరుగు మీద కూర్చుంటున్నాడు. మొన్న తాండూరులో కాకా కనబడితే ఎక్కించుకున్నాను. గడి దగ్గరికి వస్తుండగా అతడు గొంతు తగ్గించాడు.

"తొవ్వ దొరికె గదా. ఇగనన్న జర ఆపి, దిగి, ఓ దండం పెట్టరాదు? ఆయన మనసు చల్లవడతది. ఈ కారుకు సెల్ఫ్ ఉన్నదంటివి."

"ఉన్నది కాకా. ఏడ ఆపినా మళ్ల లేస్తది."

"మరి ఆపు."

"ఆప," అన్నాను. కాకా సీట్లో కిందికి జారాడు. నేను మూడో గేరు వేశాను.