గోడలోంచి వచ్చిన కదలిక

యాభైలు ముగిసిపోతున్న రోజులు. వాకాడు దగ్గర మా ఊరికి అప్పటికింకా కరెంటు రాలేదు. రైసు మిల్లు ఆయిలింజను మీద నడిచేది. దానికి డ్రైవరు మా ఆయన. ఇంజను షెడ్డుకీ మా వంటింటికీ మధ్య ఒకటే గోడ. పొద్దున ఇంజను పట్టుకుందంటే చాలు, మా ఇంట్లో ఇత్తడి గిన్నెలన్నీ వణికేవి. కాపరానికి వచ్చిన కొత్తలో హడలిపోయేదాన్ని. తరవాత తరవాత అది ఆగితేనే తోచేది కాదు.

అప్పుడు నాకు ఆరో నెల. అంతకుముందు ఒక కాన్పు నిలవలేదు. అందుకే మా అత్త పొద్దున లేచింది మొదలు, "కదిలిందామ్మే?" అని ఒకటే అడగడం. ఏం చెప్పను? ఇల్లంతా కదులుతుంటే కాళ్ల కింద కదిలేదేదో, కడుపులో కదిలేదేదో ఎలా తెలుస్తుంది! "ఏమో అత్తా" అనేదాన్ని.

"ఏమో ఏందమ్మే? బిడ్డ కదిలేది తల్లికి తెలవదా?"

నాకు ఒళ్లు మండేది. మా మామ తోలింది ఎద్దుల బండి, ఇంజను కాదు. ఆవిడకి తెలిసిందంటే తెలియదూ మరి! కానీ లోపల భయం. ఈసారీ నిలవలేదేమో, నాకే తెలియడం లేదేమో అని.

కోతల కాలం. మిల్లు ముందు మొలగొలుకుల వడ్లు కుప్పలు పడి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం గోడకి ఆనుకుని పప్పు ఏరుతున్నాను. ఇంజను దెబ్బకీ దెబ్బకీ మధ్య, బొడ్డు కింద ఏదో చిన్నగా తట్టింది. మళ్లీ తట్టింది. చేట పక్కన పడేసి అరిచాను. అత్త వచ్చి నా పక్కనే కూలబడి చెయ్యి పెట్టింది. "అవునమ్మే! అవును!" అంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కాసేపట్లో వీధి వీధికీ తెలిసిపోయింది, బెల్లం కూడా పంచేసింది.

మా ఆయన అన్నానికి వచ్చాడు. ఆయనకి ఇంజను మీద ఇనపకడ్డీ ఒక కొస ఆనించి, రెండో కొస చెవి పక్క ఎముకకి పెట్టుకుని వినడం అలవాటు. దాని కష్టసుఖాలన్నీ అట్లాగే కనుక్కునేవాడు. అత్త అటు తిరిగాక, ఇంకా గోడకి ఆనుకునే కూర్చున్న నా కడుపు మీద సిగ్గుపడుతూ చెయ్యి వేశాడు. నవ్వుతున్న మొహం కాస్తా మారిపోయింది.

"గోడ కాడ్నించి ఇట్లా రా," అన్నాడు. వచ్చాను. తట్టడం ఆగింది.

"మళ్లా ఆనుకో." తట్టింది.

"లెయ్." ఆగింది.

ఆడిస్తున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. అన్నం ముందు నించి లేచి షెడ్డులోకి పరిగెత్తాడు. మరుక్షణం ఇంజను ఆగిపోయింది. ఒకసారి చల్లారితే దాని తలకాయ మంటతో కాచి కాచి మళ్లీ పట్టించాలి. అందుకే కోతల్లో పగటిపూట ఎవరూ ఆపరు. అవతల మిల్లు యజమాని కేకలు. నేను వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను.

సాయంత్రం నల్లటి చేతులతో వచ్చాడు. "లోపల తిరిగే రాడ్డు బేరింగు పగిలిపోయుండాది. ఆడికి కడ్డీ అందదు, అందుకే నాకు తెలవలా. ఇంకాసేపు తిరిగుంటే రాడ్డు ఇరిగి, గోడ పగలేసుకొని నీ మీదికే వచ్చుండేది."

"బిడ్డే చెప్పినాడు! కడుపులో ఉండి అమ్మానాయన్ని కాపాడుకున్నాడు!" అని అత్త దండాలు పెట్టింది.

ఆవిడ వెళ్లాక అడిగాను. "మరి నాకు తెలిసింది?"

తల వంచుకున్నాడు. "అది ఇంజనుదే."

బతికి బయటపడ్డందుకు సంతోషించాలా, ఏడవాలా? ఏమీ తెలియలేదు. ఏడ్చాను.

బేరింగు బాగుచేయించడానికి నెల్లూరు పంపారు. మిల్లు మూగబోయింది. ఇంత నిశ్శబ్దంలో కదిలితే తెలియకపోదని కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఏమీ లేదు. అత్త అడగడం మానేసింది, ఆవిడకి తెలిసిపోయింది కదా! ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి దీవించి పోతుంటే దొంగలా తల ఊపేదాన్ని.

బేరింగు తిరిగొచ్చింది, ఇంజను మళ్లీ పట్టుకుంది. నేను ఆ గోడ జోలికి పోలేదు. పెరట్లో నులకమంచం మీద కూర్చున్నాను. అక్కడ ఏదో తన్నింది. నమ్మలేదు. ఒకసారి మోసపోయిన కడుపు. మళ్లీ తన్నింది. అత్తని కాదు, ఆయన్ని పిలిచాను.

వచ్చి చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. అలవాటు కొద్దీ ఇంజను దెబ్బకి తల ఊపుతూ ఉండిపోయాడు. ఆ ఊగే తల ఉన్నట్టుండి ఆగింది.

"ఇది ఇంజనుది కాదుమే," అన్నాడు. "దీనికి ఇష్టమొచ్చినప్పుడు తంతా ఉండాది."