ఎక్కిళ్లకు ఆధారం ఏది?

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆయనను వీధిలో అందరూ ఆధారం బాబాయ్ అంటారు. బేరాలు లేనప్పుడల్లా ఆయన కంప్యూటర్ ముందు చేరి, ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వంలో వైద్య వ్యాసాలను పైసా తీసుకోకుండా సరిదిద్దుతూ ఉంటాడు. ఏ పరిశోధననూ చూపించని వాక్యం కంటబడితే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు. "ఆధారం ఏది?" అని రాసి, దాన్ని పీకి పారేస్తాడు.

ఒక ఆదివారం ఇంట్లో ఉండగా ఎక్కిళ్ల వ్యాసం ఆయన చేతికి చిక్కింది. "ఉలిక్కిపడితే ఎక్కిళ్లు ఆగిపోతాయి" అన్న వాక్యాన్ని కసిగా తీసేసి భోజనానికి కూర్చున్నాడు. రెండో ముద్దకే ఆయనకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. చెంబెడు నీళ్లు తాగినా, ఊపిరి బిగబట్టినా అవి వదల్లేదు.

ఫోన్ చూస్తున్న భార్య ఒక్క కేక పెట్టింది. "అయ్యో, ఏవండీ! మీ ఎక్కిళ్ల వ్యాసం మొత్తం ఎవరో తీసిపారేశారు!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఎంగిలిచేత్తోనే కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాడు. చూస్తే వ్యాసం చెక్కుచెదరకుండా ఉంది.

"ఎక్కిళ్లు ఆగాయా లేదా?" అంది ఆవిడ, గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకుంటూ.

"ఆగాయి. అయితే ఏంటట? ఒక్కడికి తగ్గినంత మాత్రాన అది ఆధారం కాదే! తీసేసిన వాక్యం తీసేసినట్టే."

"సరే. పెళ్లయినప్పటి నుంచీ నా వంట అమృతం అంటున్నారుగా! ఆ మాట అనేది మీరొక్కరే. మరి దానికి ఆధారం ఏదండీ?"

జవాబు చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. మాటకు బదులు మళ్లీ ఎక్కిలే వచ్చింది.